శవపేటికల వ్యాపారి సెనేటర్ ఎలా అయ్యాడు? డెట్రాయిట్ డిగ్స్ కుటుంబం గురించి

లాంతరు
డిగ్స్ అని ఎక్కడ వెతికినా కథ 1955లోనే మొదలవుతుంది. ఎమెట్ టిల్ అనే నల్లజాతి కుర్రాడి హత్య, మిసిసిపీలో విచారణ, అది చూడ్డానికి డెట్రాయిట్ నుంచి వెళ్లిన నల్లజాతి అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడు చార్లెస్ డిగ్స్ జూనియర్. సరే, కొడుకు గొప్పవాడే. తండ్రి సీనియర్‌కి మాత్రం ఒక్కటే వాక్యం: మిషిగన్ సెనేట్‌లో ఉండేవాడు, ఫ్యూనరల్ హోమ్ నడిపేవాడు. అంతే, తర్వాతి పేరా. 1894లో మిసిసిపీలోని టలూలాలో పుట్టి, 1913లో డెట్రాయిట్ చేరి, 1921లో ఫ్యూనరల్ హోమ్ తెరిచి, 1936లో సెనేట్‌కి గెలిచిన మనిషి. శవాలు సాగనంపే వ్యాపారం నుంచి చట్టసభకి దారెలా పడింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. వికీ లింకులు వద్దు, చదివేశాను.

గోలీసోడా
అండర్‌టేకర్ (ఫ్యూనరల్ హోమ్ నడిపేవాడు) గురించి అంటే రెజ్లింగ్ చర్చేమో అని పరుగెత్తుకొచ్చా. తప్పు నాదే, కంటిన్యూ.

పాత_గెజిట్
ముందు ఒక పొరపాటు సరిచేద్దాం, లేకపోతే ఇక్కడా అదే తిరుగుతుంది. డిగ్స్ సీనియర్ మిషిగన్‌లో మొదటి నల్లజాతి సెనేటర్ కాదు. ఆయనకంటే ముందు చార్లెస్ రాక్స్‌బరో 1930లో గెలిచాడు, రిపబ్లికన్. బాక్సర్ జో లూయిస్ మేనేజర్ జాన్ రాక్స్‌బరో ఈయన తమ్ముడే. డిగ్స్ మొదటి నల్లజాతి *డెమోక్రాట్* సెనేటర్. ఈ ఒక్క మాట తేడాలోనే అసలు కథంతా ఉంది. అప్పటిదాకా నల్లజాతి ఓటంటే లింకన్ పార్టీ, అంటే రిపబ్లికన్ ఓటు. రూజ్‌వెల్ట్ కాలంలో అది డెమోక్రాట్ల వైపు మారింది. డెట్రాయిట్‌లో ఆ మార్పుని వీధి స్థాయిలో నడిపినవాళ్లలో డిగ్స్ ఒకడు.

లాంతరు
@పాత_గెజిట్ ఇది నాకు తెలీదండీ. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. లాయర్లున్నారు, పాస్టర్లున్నారు, డాక్టర్లున్నారు. ఫ్యూనరల్ వాడే ఎందుకు?

మెకానిక్_మావయ్య
ఎందుకంటే అతన్ని ఉద్యోగంలోంచి తీసేసే తెల్లవాడు లేడు కాబట్టి. టీచరు జీతం స్కూల్ బోర్డు ఇస్తుంది. ఫోర్డు కార్మికుడి జీతం ఫోర్డు ఇస్తాడు. ఫ్యూనరల్ డైరెక్టర్ డబ్బు నల్లజాతి కుటుంబాల దగ్గర్నుంచే వస్తుంది. తెల్ల సంస్థలు నల్లవాళ్ల శవాల్ని ముట్టుకునేవి కావు, ముట్టుకున్నా వెనక గదిలో. వేరుబతుకు (సెగ్రిగేషన్) వాళ్ల నెత్తిన పెట్టిన అన్యాయమే, కానీ ఈ ఒక్క వ్యాపారానికి పోటీ లేకుండా చేసింది.

రెండో సంగతి బండి. ఆరోజుల్లో మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లగలిగే పొడుగు బండి ఊళ్లో ఫ్యూనరల్ హోమ్ దగ్గరే ఉండేది. అందుకని అంబులెన్స్ కూడా వాళ్లదే. కాంబినేషన్ కోచ్ అని ఒక రకం బండి వచ్చేది. నేల మీద పలకలుంటాయి, వాటికి ఒకవైపు శవపేటిక జారడానికి రోలర్లు. పలక తిరగేస్తే చదునైన నేల, దాని మీద స్ట్రెచర్ కొక్కేలకి బిగిస్తారు. పైకప్పు మీద ఎర్రదీపం పెట్టుకుంటే అంబులెన్సు, తీసేస్తే శవవాహనం. పది నిమిషాల పని. ఊళ్లో కాన్పుకి, యాక్సిడెంటుకి, చావుకి, మూడింటికీ ఒకే బండి, ఒకే ఫోన్ నంబరు. అలాంటివాడికి ప్రచారం విడిగా కావాలా?

గోలీసోడా
అంటే అంబులెన్సులో ఎక్కించినవాడికి రోగి బతికినా లాభమే, పోయినా లాభమే 😬

మెకానిక్_మావయ్య
@గోలీసోడా ఆ జోకు అప్పట్లోనూ ఉండేది బాబూ. నిజానికి అంబులెన్సు నష్టాల పద్దే. సగం మంది కట్టేవారు కాదు. పేరు కోసం నడిపేవారు. 1960ల చివరి నుంచి 1970ల్లో డ్రైవర్లకి శిక్షణ, లోపలి పరికరాలు, జీతాల నిబంధనలు కఠినం కాగానే దాదాపు అందరూ వదిలేశారు.

సున్నుండ
మన దగ్గర నాయకుడు చావింటికి పరామర్శకి వెళ్తాడు. అక్కడ చావింటి పనంతా నడిపేవాడే నాయకుడయ్యాడన్నమాట. బూత్ ఏజెంట్ల ఖర్చు మిగిలింది.

ఓరుగల్లు_రాణి
@మెకానిక్_మావయ్య గారూ, ఆ స్వాతంత్ర్యం మీరు చెప్పినంత పూర్తిది కాదండీ. మూడు చోట్ల మెడ మీద కత్తి ఉండేది. ఒకటి లైసెన్సు, ఇచ్చేది రాష్ట్ర బోర్డు, అందులో ఉండేది తెల్లవాళ్లు. రెండోది పెట్టెలు. శవపేటికలు తయారుచేసే కంపెనీలు ఎక్కువ తెల్లవాళ్లవే, సరుకు అరువు మీద వచ్చేది. అరువు ఆపితే దుకాణం మూత. మూడోది శ్మశానం. పెట్టె, బండి, మనిషి అన్నీ మీవే అయినా పూడ్చే స్థలం మీది కాదు. డెట్రాయిట్ శ్మశానాల్లో నల్లవాళ్లని వెనక గేటు నుంచి రమ్మనేవారు, రేటూ ఎక్కువే.

దానికి విరుగుడుగా 1925లో నల్లజాతి వ్యాపారులు కలిసి పక్కనున్న వారెన్‌లో డెట్రాయిట్ మెమోరియల్ పార్క్ శ్మశానం పెట్టారు. తర్వాత మాంద్యం రోజుల్లో ఆ శ్మశానం కంపెనీయే నల్లజాతి ఇళ్లవాళ్లకి తాకట్టు అప్పులిచ్చింది. బ్యాంకు ఇవ్వని అప్పు శ్మశానం ఇచ్చింది.

జాతీయ సంఘంలోకి రానివ్వకపోతే 1924లో సొంత ఫ్యూనరల్ డైరెక్టర్ల సంఘం కట్టుకున్నారు. అంటే ఎన్నికల్లోకి రాకముందే వీళ్లకి బోర్డులు, ఓట్లు, పద్దులు, తీర్మానాలు అన్నీ అలవాటే.

పాత_గెజిట్
రాణిగారు చెప్పినదానికి తోడు: డిగ్స్ మార్కస్ గార్వే నడిపిన నల్లజాతి స్వావలంబన ఉద్యమం నుంచి వచ్చినవాడు. మన షాపు, మన ఓడ, మన డబ్బు అన్న పాఠం అక్కడిదే. తర్వాత డెమోక్రాట్ కావడం, యూనియన్లని సమర్థించడం. డెట్రాయిట్‌లో పాస్టర్లు చాలామంది ఫోర్డు కంపెనీ మాట మీద నడిచేవారు, ఎందుకంటే పాస్టరు సిఫారసు ఉత్తరంతోనే ఫోర్డులో ఉద్యోగం దొరికేది. డిగ్స్‌కి ఆ ఉత్తరంతో పనిలేదు. అందుకే బాహాటంగా కార్ల ఫ్యాక్టరీ కార్మికుల యూనియన్ వైపు నిలబడగలిగాడు. లాంతరు గారు అడిగిన "పాస్టరు ఎందుకు కాదు"కి ఇది సగం జవాబు.

లాంతరు
ఇది కావాలి నాకు. మిగతా సగం?

మెకానిక్_మావయ్య
మిగతా సగం విసనకర్ర 😀 చర్చిలో వేసవి ఉక్క. అట్ట విసనకర్ర, ఐస్‌ఫ్రూట్ పుల్లలాంటి పిడి. ముందువైపు ఏసుప్రభువు బొమ్మ, వెనకవైపు ఫ్యూనరల్ హోమ్ పేరు, ఫోన్ నంబరు. రెండుగంటల ప్రసంగం పొడుగునా ప్రతి చేతిలోనూ అదే పేరు ఊగుతుంటుంది. డిగ్స్ వాళ్లు ఇంకో మెట్టెక్కి హౌస్ ఆఫ్ డిగ్స్ పేరుతో రేడియో కార్యక్రమం నడిపారు, భక్తిపాటలతో. కొడుకు గొంతు ఊరికి అలవాటైంది ఆ రేడియోలోనే.

కృష్ణాతీరం
అందరూ పొగుడుతున్నారు. జైలు సంగతి ఎవరూ ఎత్తరే? 1944లో లంచం కేసులో శిక్షపడింది సీనియర్‌కి. జాక్సన్ జైల్లో ఉన్నాడు. కొడుకూ అంతే, 1978లో దోషి. తండ్రీకొడుకులిద్దరూ లోపలికెళ్లిన కుటుంబాన్ని ఉద్యమకారులంటే ఎలా?

పాత_గెజిట్
@కృష్ణాతీరం ఎత్తుదాం, దాచేదేముంది. 1943లో మిషిగన్ శాసనసభ లంచాల మీద జడ్జి లీలండ్ కార్ ఏకసభ్య గ్రాండ్ జ్యూరీ మొదలైంది. ఒక్క జడ్జే జ్యూరీ, విచారణంతా రహస్యం, అలాంటి పద్ధతి మిషిగన్‌లో ఉండేది. వలలో ఒక్క డిగ్స్ కాదు, రెండు పార్టీలవాళ్లూ, చాలామంది తెల్ల సభ్యులూ పడ్డారు. సాక్ష్యం చెప్పాల్సిన సెనేటర్ వారెన్ హూపర్‌ని 1945 జనవరిలో రోడ్డు మీద కాల్చి చంపేశారు. అదీ అప్పటి లాన్సింగ్ (మిషిగన్ రాజధాని) వాతావరణం. ఇది డిగ్స్‌ని కడిగేయదు, జైలు జైలే.

కానీ తర్వాత జరిగింది చూడండి. శిక్ష ముగించుకొచ్చి 1950లో మళ్లీ నిలబడ్డాడు, జనం గెలిపించారు. 1951లో సెనేట్ కూర్చోనివ్వలేదు. ఖాళీ అయిన సీటుకి ఉపఎన్నిక వస్తే కొడుకు నిలబడి గెలిచాడు, ఇరవయ్యెనిమిదేళ్లకి. తండ్రిని గెంటిన సభలోకే. 1954లో కాంగ్రెస్‌కి.

సున్నుండ
ఇది మాత్రం పక్కా మన సినిమా ఇంటర్వెల్ సీనే.

కృష్ణాతీరం
ఇంటర్వెల్ సరే. చట్టసభలో ఆయన చేసిందేంటో ఒక్కటి చూపించండి. శంకుస్థాపనలు కాకుండా.

ఓరుగల్లు_రాణి
చూపిస్తా. డిగ్స్ చట్టం. చాలాచోట్ల 1938 అని రాస్తారు, మిషిగన్ చట్టాల సంపుటంలో అది 1937 నాటి 117వ చట్టం. కొత్తగా పుట్టింది కాదు, పాతదానికి పదును.

వెనక్కి వెళ్తే 1885లోనే మిషిగన్‌లో హోటళ్లు, రెస్టారెంట్లలో సమాన సదుపాయాల చట్టం ఉంది. 1889లో విలియం ఫెర్గూసన్ అనే నల్లజాతి వ్యాపారి డెట్రాయిట్ రెస్టారెంట్‌లో కూర్చుంటే అటువైపు టేబుల్‌కి వెళ్లమన్నారు. కేసేశాడు. 1890లో రాష్ట్ర సుప్రీంకోర్టు, వేరే టేబులు వేయడం సమానత్వం కాదు అని తీర్పిచ్చింది. అదే ఫెర్గూసన్ 1892 ఎన్నికల్లో గెలిచి మిషిగన్ శాసనసభలో మొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు.

తీర్పు బాగుంది, అమలు లేదు. "ఈ రకం స్థలం చట్టంలో లేదు" అని యజమానులు జారిపోయేవారు. డిగ్స్ చట్టం చేసింది ఆ కంతలు పూడ్చడం. జాబితా చదివితే నవ్వొస్తుంది, కానీ తెలివంతా అక్కడే: సత్రాలు, హోటళ్లు, క్షవరశాలలు, బిలియర్డ్ హాళ్లు, దుకాణాలు, నేల మీదా నీటి మీదా తిరిగే వాహనాలు, సినిమాహాళ్లు, ప్రభుత్వ విద్యాసంస్థలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు, విమాన ప్రయాణం, ఆపైన "ఇంకా అన్ని బహిరంగ స్థలాలూ". 1937లో ఎస్కలేటర్! ఒక్కొక్క పేరు వెనకా ఎవర్నో ఆపిన తలుపు ఉన్నట్టుంటుంది.

కృష్ణాతీరం
జాబితా బాగుంది. అది ఎవరికైనా పనికొచ్చిందా?

ఓరుగల్లు_రాణి
"నీటి మీద" అన్న మాట పనికొచ్చింది. డెట్రాయిట్ నది మీద బాబ్లో దీవి వినోదయాత్రల స్టీమర్ ఉండేది. దీవి కెనడాలో. 1945 జూన్‌లో సారా ఎలిజబెత్ రే అనే అమ్మాయి తన క్లాసువాళ్లతో స్టీమర్ ఎక్కితే దించేశారు, క్లాసులో ఆమె ఒక్కతే నల్లమ్మాయి. డిగ్స్ సవరణలతో ఉన్న ఆ చట్టం కిందే కంపెనీకి 25 డాలర్ల జరిమానా పడింది. కంపెనీ అమెరికా సుప్రీంకోర్టుకెళ్లి, మా పడవ వేరే దేశానికి వెళ్తుంది, విదేశీ వాణిజ్యం మీద రాష్ట్రానికి హక్కు లేదు అంది. అంతకుముందే, 1946లో, వర్జీనియా బస్సు కేసులో అదే కోర్టు వేరుసీట్ల చట్టాన్ని ఇలాంటి వాదనతోనే కొట్టేసింది. అంటే నల్లవాళ్లు గెలిచిన వాదనని వాళ్ల మీదకే తిప్పారు. 1948లో 7-2తో కంపెనీ ఓడింది. ఆ దీవికి వెళ్లేది డెట్రాయిట్ జనమే, పేరుకే విదేశం అని కోర్టు ఉద్దేశం.

25 డాలర్లే కదా అనకండి. అంతకాలం అమలుకాని చట్టానికి అమెరికా సుప్రీంకోర్టు ముద్ర పడింది.

కృష్ణాతీరం
ఒప్పుకుంటున్నా. జైలు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

బడిపంతులు
చిన్న సందేహం, ఫ్యూనరల్ డైరెక్టర్‌ని తెలుగులో ఏమనాలి? కాటికాపరి అంటే సరిపోదేమో.

గోలీసోడా
హరిశ్చంద్రుడు. రాజు కాటికాపరి అయ్యాడు మన దగ్గర, అక్కడ రివర్స్.

మెకానిక్_మావయ్య
కాటికాపరి శ్మశానం చూసుకుంటాడు. ఇతను ఇంటి నుంచి గుంట దాకా అన్నీ చూస్తాడు: మరణ ధృవపత్రం, ఎంబామింగ్ (శవం పాడవకుండా ద్రావణం ఎక్కించడం), పెట్టె, బండ్లు, చర్చి, శ్మశానం బుకింగ్, పేపరు ప్రకటన. మన దగ్గర ఆ పనులు పదిమంది బంధువులు పంచుకుంటారు, అందుకే ఒక్క పేరు లేదు. ఫ్యూనరల్ డైరెక్టర్ అనే వదిలేయండి పంతులుగారూ.

ఫార్మలిన్_66
ఎంబామింగ్ మాట వచ్చింది కాబట్టి, లాంతరు గారు మొదట్లో పక్కనపెట్టిన 1955కి ఒకసారి వెళ్లాలి. ఎవరూ పట్టించుకోని కోణం ఒకటుంది. డిగ్స్ జూనియర్ చదివింది కూడా శవసంస్కార శాస్త్రమే, 1946లో వేన్ కాలేజీలో. ఎమెట్ హత్య విచారణ జరిగిన సమ్నర్ కోర్టులో నల్లజాతి విలేఖరుల పేకాట బల్ల దగ్గర కూర్చున్న ఆ కాంగ్రెస్‌మన్ లైసెన్సున్న మోర్టీషియన్, అంటే ఫ్యూనరల్ డైరెక్టరే. ఇక డిఫెన్స్ వాదన ఏమిటి? "ఈ శవం ఎమెట్‌ది కాదు." షెరీఫు, ఒక డాక్టరు, శవాన్ని ఎంబామ్ చేసిన తెల్లమనిషి, ముగ్గురూ చెప్పిన సారం ఒకటే: చచ్చి కనీసం ఎనిమిది పది రోజులైన శవంలా ఉంది. కుర్రాణ్ని ఎత్తుకెళ్లింది ఆగస్టు 28న, నదిలో దొరికింది 31న. మూడు రోజులు.

ఇప్పుడు పని తెలిసినవాడు దాన్నెలా వింటాడో చూడండి. మామూలు శవానికి 50 పౌండ్ల బరువుకి ఒక గ్యాలన్ ద్రావణం అని లెక్క. మెడ దగ్గర కెరోటిడ్ ధమని పైకి తీసి ఎక్కిస్తారు, పక్కన జుగులర్ సిర నుంచి రక్తం బయటికి. రక్తనాళాలు బాగుంటే ద్రావణం వేలికొసల దాకా పోతుంది. మిసిసిపీ ఆగస్టు ఎండ, వెచ్చటి నది నీరు, తల నిండా తెరిచిన గాయాలు. అలాంటి శవం మూడు రోజుల్లోనే ఉబ్బి, చర్మం తొడుగులా జారుతుంది. నాళాలు తెగి ద్రావణం కారిపోతుంది, చోటుచోటుకీ సూదితో విడిగా ఎక్కించాలి. కాబట్టి "చూడ్డానికి పదిరోజుల శవం" అన్నది తేదీ లెక్కకి సాక్ష్యం కాదు. నీటిలో దొరికిన శవాన్ని ఒక్కసారి ముట్టుకున్నవాడికి ఇది తెలుసు.

లాంతరు
@ఫార్మలిన్_66 రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మరి ఆ శవాన్ని గుర్తుపట్టిందెలా?

ఫార్మలిన్_66
వేలికున్న ఉంగరం, తండ్రి పేరు పొడి అక్షరాలతో. దాని గురించి కోర్టులో సాక్ష్యం చెప్పింది గ్రీన్‌వుడ్‌లోని నల్లజాతి అండర్‌టేకర్ చెస్టర్ మిల్లర్. ఆ ఊళ్లో బతకాల్సినవాడు. షికాగోలో శవాన్ని దింపుకున్నది రేనర్ సంస్థ, పెట్టె తెరవకూడదన్న ఆంక్షతో వచ్చింది. తల్లి మేమీ తెరవాల్సిందే అంది. తెరిచారు. ఆ రేనర్ కుటుంబంలోని శామీ రేనర్ 1967లో షికాగో నగర సభకి ఎన్నికయ్యాడు. మళ్లీ అదే దారి.

ఓరుగల్లు_రాణి
విచారణలో సాక్ష్యం చెప్పిన కుర్రాడు విలీ రీడ్‌ని షికాగోకి తప్పించినప్పుడు విమానంలో తోడు వెళ్లింది డిగ్స్ జూనియరే. జ్యూరీ గంటా ఏడు నిమిషాల్లో నిందితులు నిర్దోషులంది.

సున్నుండ
ఇంకెవరైనా ఉన్నారా ఇలా ఫ్యూనరల్ నుంచి రాజకీయం? లేక డిగ్స్, రేనర్ ఈ ఇద్దరేనా?

పాత_గెజిట్
బోలెడుమంది. నార్త్ కరోలినాలో క్లారెన్స్ లైట్‌నర్: తండ్రి పెట్టిన ఫ్యూనరల్ హోమ్ నడుపుతూ 1973లో రాలీ మేయరయ్యాడు, నల్లవాళ్లు మైనారిటీగా ఉన్న నగరంలో. తర్వాత రాష్ట్ర సెనేట్‌లోనూ కూర్చున్నాడు. అలబామాలో ఎ.జి. గాస్టన్ పదవికి నిలబడలేదు కానీ బర్మింగ్‌హామ్ పౌరహక్కుల ఉద్యమం ఆయన మోటెల్‌లోనే విడిది చేసింది. ఆయన మొదలెట్టింది 1923లో చావు బీమాతో.

బడిపంతులు
చావు బీమా అంటే? మన చిట్టీలాంటిదా?

ఓరుగల్లు_రాణి
దగ్గరగా ఉంటుంది పంతులుగారూ, తేడా ఉంది. ఏజెంటు వారంవారం ఇంటికొచ్చి 5, 10, 25 సెంట్లు వసూలు చేసి పుస్తకంలో టిక్కు పెడతాడు. పోయినప్పుడు చాలాచోట్ల చేతికి డబ్బు రాదు, "ఇంత ఖరీదు చేసే అంత్యక్రియ" వస్తుంది. అంటే అదే ఫ్యూనరల్ హోమ్‌కే వెళ్లాలి. పెట్టె నచ్చకపోతే పైడబ్బు కట్టాలి. కొన్ని వారాలు వాయిదా తప్పితే పాలసీ పోయినట్టే, పదేళ్లు కట్టినా సరే. ఇంకో లోపం నిల్వ డబ్బు లేకపోవడం. వారం వసూలుతోనే వారం చావులు దాటించే సంఘాలు 1918 ఇన్‌ఫ్లుయెంజాలాంటిది వస్తే ఒక్క నెలలో కూలాయి. గాస్టన్ లాంటివాళ్లు నిలబడింది పద్దు గట్టిగా రాయడం వల్ల. ప్రతి ఇంటి గుమ్మంలోకీ వారానికోసారి వెళ్లే ఏజెంటుంటే ఎన్నికలప్పుడు అతనేం చేస్తాడో వేరే చెప్పాలా.

కృష్ణాతీరం
పద్దు మాటొచ్చింది కాబట్టి జూనియర్ పద్దు కూడా చెప్పండి మరి.

పాత_గెజిట్
మీరు వదలరు 🙂 1978: తన కాంగ్రెస్ ఆఫీసు సిబ్బందికి జీతాలు పెంచి, ఆ పెంచిన డబ్బుతో తన ఖర్చులు కట్టించుకున్నాడన్నది అభియోగం. ఫ్యూనరల్ హోమ్‌లో పనిచేసేవాళ్లు కూడా కాంగ్రెస్ జీతాల పట్టీలో తేలారు. 29 అభియోగాల్లోనూ దోషి. దోషి అని తేలిన తర్వాతి నెలలో మళ్లీ గెలిచాడు, తండ్రిలాగే. 1979లో సభ 414-0తో అధికారికంగా మందలించింది (సెన్షర్), 40,031 డాలర్ల 66 సెంట్లు తిరిగి కట్టమంది. 1980లో రాజీనామా, ఏడు నెలలు జైలు. కుటుంబ వ్యాపారం జేబూ పదవి జేబూ వేరుగా కుట్టించుకోకపోవడమే అసలు జబ్బు.

ఇదే మనిషి 1971లో కాంగ్రెషనల్ బ్లాక్ కాకస్‌కి (నల్లజాతి కాంగ్రెస్ సభ్యుల బృందానికి) మొదటి అధ్యక్షుడు. వాషింగ్టన్ డీసీకి సొంత మేయరు, కౌన్సిలు ఇచ్చిన 1973 చట్టం ఆయన కమిటీ నుంచే బయటికొచ్చింది. రెండూ రాయాలి, ఒకదాన్ని చెరిపి ఇంకోటి రాయకూడదు.

ట్రాయ్_తెలుగోడు
ఆలస్యంగా వచ్చా. ఫార్మలిన్ గారూ, మీరు ఈ రంగం తెలిసినవారిలా ఉన్నారు. మిషిగన్‌లో మనవాళ్లు పోయినప్పుడు ఇండియాకి పంపడానికి ఫ్యూనరల్ డైరెక్టర్ చేసే పని ఏమిటో రెండు ముక్కలు రాస్తే చాలామందికి ఉపయోగం. టాపిక్ తప్పుతున్నందుకు సారీ లాంతరు గారూ.

లాంతరు
పర్లేదండీ, అడగండి, నాకూ తెలుసుకోవాలనుంది.

ఫార్మలిన్_66
ఎంబామింగ్ చేయించాలి, చేసినట్టు ధృవపత్రం, అంటురోగం లేదన్న పత్రం, మరణ ధృవపత్రం నకళ్లు, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేట్ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం. మిషిగన్ షికాగో కాన్సులేట్ కిందకి వస్తుంది. గాలి చొరబడకుండా మూసిన పెట్టె, దాని చుట్టూ రవాణా పెట్టె. ఆగేది ఎక్కువగా రెండుచోట్ల: పాస్‌పోర్టులో పేరూ మరణపత్రంలో పేరూ ఇంటిపేరు ముందూ వెనకా అయి సరిపోలకపోవడం, పోస్టుమార్టం జరిగితే కారణం "పెండింగ్" అని రావడం. మొదటిది చేతిలో పని, ఫ్యూనరల్ హోమ్ వాళ్లకి వివరాలు ఇచ్చేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చెప్పండి.

అక్కడే దహనం చేసేట్టయితే పేస్‌మేకర్ ఉందో లేదో ముందే చెప్పాలి, తీసేయకపోతే కొలిమిలో బ్యాటరీ పేలుతుంది.

ట్రాయ్_తెలుగోడు
థాంక్సండీ. సేవ్ చేసుకున్నా.

లాంతరు
నాకు కావాల్సింది దొరికింది. చివరి ప్రశ్న: జైలు నుంచి వచ్చాక జూనియర్ ఏం చేశాడు?

పాత_గెజిట్
వాషింగ్టన్ పక్కన మేరీలాండ్‌లో ఫ్యూనరల్ హోమ్ తెరిచాడు. 1998లో పోయేదాకా ఆ ప్రాంతంలోనే.